1959 నాటి జాజ్ ఆల్బములు : అభిమానపట్టికకు ప్రమాణములు

సంగీతప్రియులలో ఒక ఆచారము కలదు. సంవత్సరము ముగియగానే ఆ యేట వెలువడిన ఆల్బములలో తమకు మిక్కిలి నచ్చినవానిని వరుసగా పేర్చి మిత్రులకు చూపుదురు. సాహిత్యవిమర్శకుల దృష్టిలో ఈ పట్టికలకు గౌరవము తక్కువ. తనకు నచ్చినదని చెప్పుట విమర్శ కాదనియు, నచ్చుటకు హేతువు నిరూపించినప్పుడే అది విమర్శ యగుననియు వారి వాదము. ఈ వాదమును మేము కాదనము. ఐనను, హేతువు చెప్పుటకు పూనుకొనిన అభిమాని ఏ చిక్కులను ఎదుర్కొనునో, ఆ చిక్కులు మన సాహిత్యపరిశోధనకు ఎంత దగ్గరివో చూపుట ఈ వ్యాసమున మా యుద్దేశము. ఇందులకై మేమును ఒక పట్టికను కూర్చితిమి. అది 1959వ సంవత్సరపు జాజ్ ఆల్బముల పట్టిక.

తెలుగు శాఖవారి పత్రికలో జాజ్ ప్రసక్తి యేల యని కొందరు శంకింపవచ్చును. జాజ్ అమెరికాలోని నల్లజాతివారి జీవితమునుండి పుట్టి పెరిగిన సంగీతము. అందు ముందుగా కూర్చిన వరుస కొంత యుండును; మిగిలినదంతయు వాద్యకారుడు అప్పటికప్పుడు కల్పించునది. ఆశుకవిత్వమును, అవధానమును ప్రత్యేకకళలుగ పెంచికొనిన భాష మనది. ఆశువుగ పుట్టినదానిని స్థిరరూపమున నిలిపినచో అది గ్రంథమగునా? అగుచో దానిని ఏ ప్రమాణముతో పరిశీలింపవలయును? ఈ ప్రశ్న వారికెంత ముఖ్యమో మనకును అంతే ముఖ్యము.

ఆల్బము : ముక్తకమునుండి ప్రబంధమునకు

ముందుగా ఆల్బము అను మాట అర్థమును తెలిసికొందము. నిమిషమునకు 78 మారులు తిరుగు పాతకాలపు పది అంగుళముల రికార్డులో ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషముల సంగీతమే పట్టెడిది. ఇట్టి రికార్డులను కొన్నింటిని ఛాయాచిత్రముల పుస్తకమువలె కుట్టిన సంచులలో పెట్టి అమ్మెడివారు. దానికి ఆల్బమను పేరు వచ్చెను. 1948లో కొలంబియా సంస్థ నిమిషమునకు 33 1/3 మారులు తిరుగు లాంగ్ ప్లే రికార్డును ప్రవేశపెట్టగా, ఒక్క వైపుననే ఇరువది నిమిషములకు పైబడిన సంగీతము పట్టుటకు వీలయ్యెను. కుట్టిన పుస్తకము పోయినది. పేరు మాత్రము నిలిచినది.

ఈ మార్పు కేవలము యంత్రసంబంధమైనది కాదు. మూడు నిమిషముల రికార్డు ముక్తకము వంటిది. తనలో తాను ముగియవలయును. లాంగ్ ప్లే రికార్డు ప్రబంధము వంటిది. దానికి ఆద్యంతములు, సంధులు, వర్ణనల పొందిక కావలసివచ్చెను. ఏ వాదనము ముందుండవలయును, మొదటి వైపు దేనితో ముగియవలయును అను విచారణ కళాకారునికి అప్పుడే తప్పనిసరి యయ్యెను. మన దేశమున సినిమాపాటల రికార్డులు బహుకాలము వైపునకొక పాట చొప్పున వెలువడుటచే, తెలుగు శ్రోత మెప్పుదల చాలవఱకు పాటకే పరిమితమయ్యెను. గీతలోని 700 శ్లోకములనుండి ఏర్చిన శ్లోకములను తెలుగు తాత్పర్యములతో కూర్చి ఘంటసాల గానము చేయగా 1974లో వెలువడిన భగవద్గీత మన శ్రోతలు మొత్తముగా విని మొత్తముగా తలచుకొను ఆల్బములలో ముఖ్యమైనది.

కావున మా పట్టికకు మూడు నియమములు పెట్టుకొంటిమి. మొదటిది కాలనియమము : 1959లో విడుదలయైనదే 1959 నాటిది. రెండవది సమగ్రత : ఒక్క వాదనపు సొగసును బట్టి గాక ఆల్బము నిర్మాణమును బట్టి స్థానము నిర్ణయింపవలయును. మూడవది పాఠము : ఏ ప్రతిని వినుచున్నామో తెలిసి వినవలయును. మొదటి నియమమే మాకు నష్టము కలిగించినది. జాన్ కోల్ట్రేన్ 'జయంట్ స్టెప్స్' 1959 మే, డిసెంబరు నెలలలో ధ్వనిముద్రితమై 1960 ఆరంభమున విడుదలయ్యెను. రచనాకాలమును బట్టి లెక్కించినచో అది లోపలిది. ప్రకటనకాలమును బట్టి లెక్కించినచో వెలుపలిది. కావ్యకాలనిర్ణయము చేయువారికి ఈ యిబ్బంది క్రొత్త కాదు. నియమము పెట్టుకొనిన పిమ్మట ప్రీతి కొలది దానిని సడలించుట న్యాయము కాదని దానిని వదలితిమి.

పట్టికలో నాలుగవది : 'టైం అవుట్'

డేవ్ బ్రూబెక్ చతుష్టయమువారి ఈ ఆల్బము 1959 డిసెంబరున వెలువడెను. 1958లో ఈ బృందము అమెరికా ప్రభుత్వపక్షమున టర్కీ, భారతదేశము మున్నగు దేశములలో పర్యటించెను. ఇస్తాంబుల్ వీథిలో కొందరు వాద్యకారులు తొమ్మిది మాత్రల నడకను 2+2+2+3గా విఱిచి వాయించుచుండగా విని, బ్రూబెక్ దానిని 'బ్లూ రొండో ఆ లా టర్క్' అను రచనలో వాడుకొనెను. పాల్ డెస్మండ్ కూర్చిన 'టేక్ ఫైవ్' అయిదు మాత్రల నడక. ద్విరదగతి రగడ చదివిన చెవికి పంచమాత్రాగణపు నడక పరిచితమే. నాలుగు మాత్రలకు అలవాటుపడిన జాజ్ శ్రోతకు మాత్రము ఇది వింత. నాటి విమర్శకులు పలువురు దీనిని ఆదరింపలేదు. శ్రోతలు ఆదరించిరి; కాలక్రమమున పదిలక్షల ప్రతులు అమ్ముడయ్యెను.

మేము జాజ్‌ను ప్రేమించుట నేర్చినది ఈ ఆల్బముతోనే. ఐనను దీనిని నాలుగవ స్థానమున నిలుపుచున్నాము. కారణమిది. 'బ్లూ రొండో'లో తొమ్మిది మాత్రల పల్లవి ముగిసి ఆశువాదనము ఆరంభమగుసరికి నడక నాలుగు మాత్రలలోనికి దిగిపోవును. అనగా క్లిష్టమైన ఛందస్సు ముందుగా కూర్చిన భాగమునకే పరిమితమై, కల్పన వచ్చుచోట విడిచివేయబడినది. 'టేక్ ఫైవ్'లో అట్లు కాదు. డెస్మండ్ శాక్సఫోను, జో మొరెల్లో డ్రమ్ములు అయిదు మాత్రలలోనే కల్పన సాగించినవి. నియమమును చూపుట వేఱు, నియమములో నివసించుట వేఱు. బంధకవిత్వమున అక్షరములు చిత్రముగ కుదిరియు భావము కుదురనిచో మనము ఏమందుమో, ఈ ఆల్బములోని కొన్ని భాగములకు అదే వర్తించును.

మూడవది : 'ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్'

ఆర్నెట్ కోల్మన్ తన మువ్వురు సహచరులతో 1959 మే 22న హాలివుడ్‌లో ధ్వనిముద్రణ చేసిన ఆల్బమిది. ఇందు పియానో లేదు. పియానో లేకుండుట కొఱత కాదు; ఉద్దేశించి చేసిన త్యాగము. వాద్యకారుడు తన కల్పనను ఏ స్వరసంఘాతముల వరుసపై నడపవలయునో గుర్తుచేయుచుండునది సామాన్యముగా పియానోయే. ఆ గుర్తుచేయువాడు లేనప్పుడు రాగధోరణియే తనకు దారి. 'లోన్లీ వుమన్' అను వాదనమున శాక్సఫోను, కార్నెట్ నెమ్మదిగ విలపించుచుండగా క్రింద డ్రమ్ములు వడిగ పరువిడుచుండును. రెండు కాలములు ఒక్క మారు చెవినబడుటచే శోకమునకు ఒక ఆందోళనము చేకూరును.

ఆ యేటి నవంబరున న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ అను చోట ఈ బృందము వాయించినప్పుడు శ్రోతలు రెండు పక్షములైరి. ఇది మహాప్రతిభ యని కొందరు. సంగీతము రానివాని సాహసమని కొందరు. 1939లో పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' వెలువడిన పిమ్మట తెలుగునాట వినవచ్చిన వాదప్రతివాదములు ఎఱిగినవారికి ఈ ధోరణి తెలియును. ఛందస్సు విడిచినవానికి ఛందస్సు రాదని నిందించుట సులభము. విడిచినచోట ఏ అంతర్నియమము నిలిచినదో చూపుట విమర్శకుని పని. కోల్మన్ ఆల్బమున ఆ నియమము కలదు : ఒకని వాక్యపు చివరను మఱియొకడు అందుకొనుట. ఇది సంభాషణనియమము. ఐనను ఆరు వాదనములలో ఈ నియమము అన్నిట సమముగ ఫలింపలేదని మా యభిప్రాయము.

రెండవది : 'కైండ్ ఆఫ్ బ్లూ'

లోకమున పెక్కురు ప్రథమస్థానమిచ్చు ఆల్బమిది. మైల్స్ డేవిస్ ఆధ్వర్యమున 1959 మార్చి 2న, ఏప్రిలు 22న న్యూయార్కులో ధ్వనిముద్రితమై ఆగస్టున విడుదలయ్యెను. ఇందు అయిదు వాదనములు. స్వరసంఘాతములు క్షణక్షణమును మారు పద్ధతిని తగ్గించి, ఒక స్వరసమూహముపై దీర్ఘముగ నిలిచి కల్పన చేయుట దీని మార్గము. 'సో వాట్' అను మొదటి వాదనము వాడు డోరియన్ స్వరసమూహమునకును మన ఖరహరప్రియకును స్వరస్థానములు ఒక్కటియే. దీనిని బట్టి ఇది ఖరహరప్రియ యనుట మాత్రము పొరపాటు. గమకము, సంచారము లేని స్వరసమూహము రాగము కాదు. అంతేకాక ముప్పదిరెండు ఆవర్తముల ఆ వాదనమున మధ్య ఎనిమిది ఆవర్తములు ఆధారస్వరమే అరమెట్టు పైకి జరుగును. మన సంప్రదాయమున ఆధారషడ్జము అట్లు జరుగదు. సామ్యమును చెప్పునప్పుడు భేదమును గూడ చెప్పనిచో తులనాత్మకపరిశీలనము భ్రాంతికి దారితీయును.

మాకు ఈ ఆల్బము మీది ప్రీతి సంగీతమును బట్టియే గాక దాని పాఠచరిత్రను బట్టియు పెరిగినది. మార్చి 2 నాటి మూడు వాదనములతో కూడిన మొదటి వైపును ముద్రించిన టేపు యంత్రము కొంచెము మందముగ తిరుగుటచే, రికార్డుపై ఆ సంగీతము కొంచెము వేగముగను, హెచ్చు శ్రుతితోను వినబడెను. మూడు దశాబ్దములకు పైగా లోకము మెచ్చుకొనినది ఈ అపపాఠమునే. 1990 దశకమున సరియైన వేగముతో పరిష్కరించిన ప్రతి వెలువడెను. తొలి ముద్రణలలో కొన్నిటియందు రెండవ వైపు వాదనముల పేర్లు తాఱుమాఱయినవి. 'బ్లూ ఇన్ గ్రీన్' కర్తృత్వము డేవిస్ పేర నుండగా, పియానో వాయించిన బిల్ ఎవన్స్ అది తనదనెను. ఆ ఎవన్స్ వ్రాసిన పీఠిక చదివినచో, ఒక్కొక్క రచనను పూర్తిగ వాయించిన మొదటి మారే స్వీకరింపబడినదని తోచును. కాని 'ఫ్లమెంకో స్కెచెస్'కు మఱియొక పూర్ణవాదనము తరువాత ప్రకటింపబడినది.

లేఖకదోషము, శీర్షికల వ్యత్యయము, కర్తృత్వవివాదము, పీఠికకును సాక్ష్యమునకును పొసగమి : బ్రౌన్ వేమన పద్యముల ప్రతులు కూర్చి 1829లో ప్రకటించిన నాటినుండి మన పరిష్కర్తలు ఎదుర్కొనుచున్న చిక్కులు దాదాపుగ ఇవియే. తాళపత్రములకు శతాబ్దములు పట్టిన వికారములు ఈ రికార్డునకు కొలదికాలముననే కలిగినవి. పరిష్కృతప్రతి వినిన వృద్ధాభిమానులలో పాతదే తమ చెవికి ఇంపని చెప్పువారు నేటికిని కలరు. వారిని మేము పరిహసింపము. చిన్ననాట కంఠస్థము చేసిన పద్యమునకు శుద్ధపాఠము దొరకినప్పుడు మనకు కలుగు అసంతృప్తి ఇట్టిదే. ప్రీతి పాతపాఠమును కోరవచ్చును. తీర్పు శుద్ధపాఠమును బట్టియే యుండవలయును.

మొదటిది : 'మింగస్ ఆ అమ్'

బాస్ వాద్యకారుడు, రచయిత అగు చార్లెస్ మింగస్ 1959 మే నెలలో ధ్వనిముద్రణ చేసిన ఈ ఆల్బమునకు మేము ప్రథమస్థానమిచ్చుచున్నాము. పేరులోనే వ్యాకరణపరిహాసము కలదు. లాటిను విశేషణములు పుంలింగమున 'అస్', స్త్రీలింగమున 'ఆ', నపుంసకమున 'అమ్' అని ముగియును. బడిపిల్లలు వల్లించు ఆ వరుసలో తన పేరునే మింగస్ ఒక ప్రాతిపదికగ నిలిపెను. శబ్దమంజరి వల్లించిన మన పాఠకులకు ఈ చమత్కారము వివరింప నక్కఱలేదు.

ఆల్బమున తొమ్మిది వాదనములు. మొదటిది నల్లజాతివారి చర్చిలోని భజనావేశమును తలపించును. రెండవదైన 'గుడ్‌బై పోర్క్ పై హ్యాట్' ఆ యేటి మార్చి 15న మరణించిన శాక్సఫోను విద్వాంసుడు లెస్టర్ యంగ్‌కు నివాళి. ముందునకు పోగా డ్యూక్ ఎలింగ్టన్‌ను ఉద్దేశించినది ఒకటి, జెల్లీ రోల్ మార్టన్‌ను తలచునది ఒకటి. వీని నడుమ 'ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్' కలదు. అర్కాన్సా రాష్ట్ర గవర్నరు ఆర్వల్ ఫాబస్ 1957లో నల్లజాతి విద్యార్థులను లిటిల్ రాక్ పాఠశాలలో ప్రవేశింపనీయక సైనికదళమును అడ్డుపెట్టెను. అతనిని అపహసించు రచన ఇది.

దేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద : మన ప్రబంధావతారికల క్రమము పాఠకులకు ఈపాటికి స్ఫురించి యుండును. మింగస్ మన అవతారికలను ఎఱిగి కూర్చెనని మేము చెప్పుట లేదు. కుకవి యున్నచోట ఇచ్చట కుపాలకుడున్నాడు; క్రమమును సరిగ అదే కాదు. ఐనను తన కళ ఎవరికి ఋణపడినదో, ఎవరిని ఎదిరించునో ఒక్క చోట ప్రకటించుకొనవలెనను కోరిక రెంటియందు ఒక్కటియే. మిగిలిన మూడు ఆల్బములు సంగీతమునకు క్రొత్త మార్గములు వెదకినవి. ఇది సంప్రదాయమునంతను వెంట తీసికొని ముందుకు నడచినది. వియోగదుఃఖము, హాస్యము, క్రోధము ఒక్క ఆల్బమున చోటుచేసికొనియు పరస్పరము చెఱుపుకొనలేదు. సమగ్రత యను మా రెండవ నియమమునకు ఇంతకన్న తగిన ఉదాహరణము ఆ యేట మాకు కనబడలేదు.

పాఠసమస్య ఇందును కలదు. 'ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్' ఈ ఆల్బమున మాటలు లేక వాద్యమాత్రముగ నున్నది. మాటలతో కూడిన పాఠము 1960లో వేఱొక సంస్థ పక్షమున ధ్వనిముద్రితమయ్యెను. మాటలను మొదటి సంస్థ అంగీకరింపలేదని బహుళప్రచారము. మాటలు అప్పటికి కూర్పబడలేదనువారును కలరు. ఏ పక్షము నిజమైనను, మాటలు లేని ఈ పాఠమున వాద్యములే వెక్కిరించుచున్నవి. అంతేకాక కొన్ని వాదనములు రికార్డు వ్యవధికి సరిపడునట్లు కత్తిరింపబడినవి. దశాబ్దముల పిమ్మట పూర్ణపాఠములు వెలువడినవి. మేము వానిని పోల్చి వింటిమి. పూర్ణపాఠము పరిశోధకునకు ఆవశ్యకము. బిగువు మాత్రము కత్తిరించిన పాఠముననే హెచ్చు. శుద్ధపాఠమే తీర్పునకు ఆధారమని పైన చెప్పిన మాటకు ఇది విరుద్ధము కాదు. అచ్చట యంత్రదోషము, ఇచ్చట ఉద్దేశించి చేసిన సంక్షేపము. దోషమును దిద్దవలయును, సంక్షేపమును మూలముతో పోల్చి విలువ కట్టవలయును.

పట్టిక చెప్పనిది

మా పట్టికలోని లోపమును మేమే చెప్పుట మేలు. ఈ నాలుగింట ఒక్క గాత్రమును లేదు. ఒక్క స్త్రీయు లేదు. ఎల్లా ఫిట్జెరాల్డ్ గర్ష్‌విన్ సోదరుల పాటలను అయిదు లాంగ్ ప్లే రికార్డులలో పాడిన మహాసంకలనము అదే 1959లో వెలువడెను. అది ఏర్చి కూర్చిన పాటల నిధి. నిర్మాణైక్యమును కోరిన మా రెండవ నియమము దానిని వెలుపల నుంచినది. చాటుపద్యసంకలనమును ప్రబంధలక్షణములతో కొలిచినచో జరుగు అన్యాయమే ఇచ్చటను జరిగినది. ప్రమాణము దేనిని చూపునో దానితోపాటు దేనిని మఱుగుపఱచునో గూడ చెప్పినప్పుడే పట్టిక విమర్శ యగును. చెప్పనిచో అది అంకెలు వేసిన ఇష్టము మాత్రమే.

ఇక ఆరంభమున అడిగిన ప్రశ్న. ఆశువుగ పుట్టినది గ్రంథమగునా? అగునని ఈ ఆల్బములు నిరూపించుచున్నవి. ఎట్టి గ్రంథమో గూడ చూపుచున్నవి. మేము వదలిన 'జయంట్ స్టెప్స్'ను మఱల తలంతము. ఆ పేరు గల వాదనమున స్వరసంఘాతములు అతివేగముగ మారుచుండును. కోల్ట్రేన్ ధారాళముగ సాగిన పిమ్మట పియానో వంతు రాగా, టామీ ఫ్లానగన్ వంటి విద్వాంసుడే తడబడి, విడివిడిగ కొన్ని స్వరములు వాయించి తగ్గుట స్పష్టముగ వినవచ్చును. ఆ తడబాటును ఎవరును తుడిచివేయలేదు. ఫ్లానగన్ తరువాత ఆ రచననే స్వయముగ సాధించి, 1982లో కోల్ట్రేన్ స్మృతికి అంకితమైన తన ఆల్బమున వాయించెను. రెండు రికార్డులను వెంటవెంట వినినవానికి ఒక విద్వాంసుని జీవితములోని ఒక ముఖ్యాధ్యాయము తెలియును. తడబాటు నిలిచినందుననే సాధన తెలిసినది.

మన అవధానములకు ఇట్టి భాగ్యము కొలదిగనే కలిగినది. తిరుపతి వేంకట కవులు మొదలుకొని ఎందరో అవధానుల పద్యములు అచ్చులో నిలిచినవి. ఆ పద్యమునకు ముందు అవధాని ఎంతసేపు ఆగెనో, పృచ్ఛకుడు ఏ గొంతుకతో అడిగెనో, నిషేధాక్షరి వేళ ఏ పదమువైపు పోబోయి ఎట్లు మరలెనో అచ్చులో లేదు. మిగిలినది ముగిసిన పద్యము. పోయినది పుట్టుచున్న పద్యము. ధ్వనిముద్రణ వచ్చిన పిమ్మటి అవధానముల టేపులు పలువురి యిండ్లలోను, సభానిర్వాహకుల బీరువాలలోను ఉండుటకు అవకాశము కలదు. టేపునకు ఆయువు తాళపత్రముకన్న తక్కువ. మన పరిశోధకవిద్యార్థులు వానిని వెదకి, తేది, స్థలము, పృచ్ఛకుల వివరములతో, ఒక్క క్షణమును కత్తిరింపక, తడబాట్లతో సహా భద్రపఱుపవలయును. ఇవి చేతికి వచ్చిననాడు, అవధానములలో ఏది మేలైనదో ఒక పట్టిక కూర్చుటకు ఎవరైనను పూనుకొనవచ్చును. అప్పుడు ఆ పట్టికను త్రోసివేయదలచినవారును ముందుగా దానిని విని తీరవలయును.